అద్దం ఎక్కాక బండి ఆగదు

ఫిబ్రవరి ఇరవై ఆరు. ఆ రోజు తిన్నది మెత్తగా వండిన తెల్లన్నం నాలుగు ముద్దలు, చిటికెడు ఉప్పు, పైన గోరువెచ్చని నీళ్ళు. ఆ రోజు ప్రయాణంలో ఏమీ కాలేదు. అందుకే ఈ రోజు కూడా మేస్త్రి పొద్దున్నే లేచి, అదే బియ్యం అదే గిన్నెలో అంతే మెత్తగా వండుకుని, అవే నాలుగు ముద్దలు నమిలి నమిలి మింగి బండెక్కాడు. లోకంలో మనుషులు తారీఖుల్ని పెళ్ళిళ్ళతో, చావులతో గుర్తుపెట్టుకుంటారు, అతను తిండితో గుర్తుపెట్టుకుంటాడు, ఫలానా రోజు ఫలానాది పడింది, ఫలానా రోజు పడలేదు, పడని రోజులే ఎక్కువ కాబట్టి పడిన రోజుల్ని పిల్లల పుట్టినరోజుల్లా మనసులో దాచుకున్నాడు. ఫిబ్రవరి ఇరవై ఆరు మంచి రోజు. కానీ ఈ రోజు ఆ రోజు కాదని కడుపుకి ఎవరో చెప్పేశారు. బండి ఊరు దాటి పెద్దరోడ్డు ఎక్కిందో లేదో, బొడ్డుకి కింద ఎడంపక్కన, తడిబట్ట పిండబోయే ముందు రెండు కొసలూ పట్టుకున్నట్టు, తీరిగ్గా, ఒక మెలిక పడింది.

అద్దం అతని మోకాళ్ళకి జానెడు దూరంలో ఉంది. నాట్యం నేర్పే బడిలో గోడకి బిగించాల్సిన అద్దం, అతుకు లేని ఒకటే పలక, బండి పొడుగునా చెక్క చట్రంలో నిలబెట్టి, కింద దుప్పట్లు దోపి, తాళ్ళతో కట్టారు. దానికి ఎదురుగా పొట్టి పీట మీద మేస్త్రి, రెండు అరచేతులూ అద్దం మీద. వాళ్ళ పనిలో పద్ధతి అది. అద్దాన్ని కప్పి తీసుకెళ్ళరు, కప్పితే అది ఎప్పుడు వంగుతోందో తెలీదు. పీట మీద కూచున్నవాడు దారి పొడుగునా తన ముఖాన్ని తనే చూసుకుంటూ ఉండాలి, దవడ కాస్త సాగినా, కన్ను ఒకటి కిందికి జారినా, పలక అక్కడ ఒత్తిడి పడుతోందన్నమాట, వెంటనే అరచెయ్యి ఆ మూలకి జరిపి సముదాయించాలి, జ్వరం పిల్లని జోకొట్టినట్టు. రెప్పలు ఎక్కువ ఆర్పకూడదు. చేతులు తీయకూడదు. అన్నిటికన్నా పెద్ద నియమం, అద్దం ఎక్కాక బండి ఆగదు. ఆగితే ఒక ఊపు, కదిలితే ఇంకో ఊపు, పలక పగిలేది ఆ రెండు ఊపుల మధ్యే. ఆ నియమం పెట్టింది మేస్త్రే. పీట మీద కూచునే మనిషి చేతుల మీదే పని మొత్తం నిలబడి ఉంటుందని అందరికీ తెలుసు, ఆ పీట దిగిన రోజు తను ఇక మేస్త్రి కాడని అతనికీ తెలుసు, దిగినవాళ్ళు ఏమవుతారో కూడా చూశాడు, షెడ్డులో వెనక గదిలో కూచుని గుడ్డతో మరకలు తుడుస్తుంటారు, ఎవరూ వాళ్ళని ఏమీ అడగరు.

దవడ సాగింది. వెంటనే కుడిచెయ్యి పైకి జరిపాడు. సాగింది అద్దం కాదు, దవడే. మెలిక రెండోసారి తిరిగింది, ఈసారి కాస్త గట్టిగా, పళ్ళు వాటంతటవే బిగుసుకున్నాయి, నుదుటి మీద చెమట సన్నగా పొడిచింది. ఇప్పుడు ఏది పలక వంకరో, ఏది ముఖం వంకరో ఎలా తెలుస్తుంది? వేళ్ళ చుట్టూ అద్దం మీద ఆవిరి పట్టి రెండు చేతులకీ బూడిదరంగు అంచు కట్టినట్టయింది. ఎంత దూరం వచ్చామో అడగకూడదు, అడిగితే ఎందుకని అడుగుతారు. పేగుల్లో ఏ రోగమూ లేదండీ అన్నాడు డాక్టరు, ఫొటోలన్నీ దీపం ముందు పెట్టి చూపించి, శుభ్రంగా ఉన్నాయి, చూడండి, కాస్త చిరాకు మనస్తత్వం ఉన్న పేగులు అంతే, దీన్ని ఐబీఎస్ అంటాం, ప్రాణానికేం ఢోకా లేదు, ప్రయాణాలు హాయిగా చెయ్యొచ్చు. హాయిగా. చేతిలో ఒక రంగుల కాగితం కూడా పెట్టాడు, అందులో ఒకావిడ రైలు కిటికీ పక్కన కూచుని నవ్వుతోంది. బయటికి పోయే దారి పక్క సీటు ఎంచుకోండి. మరుగుదొడ్డి ఎక్కడుందో ముందే కనుక్కోండి. ఒక జత బట్టలు వెంట ఉంచుకోండి. తోటి ప్రయాణికులకి మొహమాటపడకుండా చెప్పండి. బయటికొచ్చాక భార్య ఆ కాగితాన్ని విసనకర్రలా ఊపుకుంటూ అంది, "ఏమండీ, మీ ఒంట్లో చిరాకుపడే ధైర్యం ఉన్నది దానికొక్కదానికేనండీ." అని నవ్వింది, ఆ నవ్వులో ఎగతాళి ఉందో లేదో అతనికి ఇప్పటికీ తేలలేదు.

మొహమాటపడకుండా చెప్పింది ఆవిడే. పెళ్ళయిన కొత్తలో, మొదటిసారి బస్సులో, పక్కన కూచున్న ఈ కొత్త మొగుడి చెయ్యి మంచుగడ్డలా అయిపోవడం చూసి, కారణం అడక్కుండానే లేచి నిలబడి, బస్సు మొత్తానికీ వినపడేట్టు కేకేసింది. "బాబూ, ఆపండి. నాకొస్తోంది." బస్సంతా ఇటు తిరిగింది. వెనక ఎవరో ఈలేశారు. ఆవిడ దిగింది, తోడుగా అతనూ దిగాడు, గోడ అవతలికి వెళ్ళింది అతను, ఇవతల కాపలా నిలబడింది ఆవిడ. తిరిగి ఎక్కేటప్పుడు ఆవిడే ముందు, బట్టలు సర్దుకుంటున్నట్టు నటిస్తూ, తల వంచుకుని, సిగ్గంతా తన ముఖానికే పూసుకుని. వెనక అతను, నీళ్ళసీసా పట్టుకుని. ఒక ముసలావిడ అంది, ఎంత మంచి మొగుడమ్మా నీకు, విసుక్కోకుండా వెంట దిగాడు. ఆ తర్వాత ఎన్ని బస్సులు, ఎన్ని పెళ్ళిబళ్ళు, ఎవరి చావుకో వెళ్తున్న కార్లు, అన్నిటినీ ఆవిడే ఆపింది, చుట్టాలంతా ఆవిడకి ఎర్రజెండా అని పేరు పెట్టారు, ఎర్రజెండా వస్తోందంటే రెండు గంటలు ముందు బయల్దేరాలర్రా అనేవాళ్ళు. అనేవాళ్ళలో అందరికన్నా గట్టిగా అనేవాడు ఆవిడ సొంత తమ్ముడు. ఇప్పుడు ఈ బండి నడుపుతున్నది వాడే.

ఆ మాట తల్చుకుంటే పిలిచినట్టయింది కాబోలు. పక్కసీట్లో వడ్రంగి నిద్రపోకుండా బామ్మర్ది ఏదో చెబుతున్నాడు, ఇంజను మోతలో ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది. "మా అక్కుంటేనా, ఈపాటికి బండి నాలుగుసార్లు ఆగేది. ఒకసారి ఏమైందో తెలుసా, పెళ్ళికూతురు బండిలో ఉంది, ముహూర్తం తరుముకొస్తోంది, మా ఎర్రజెండా లేచి నిలబడింది!" వడ్రంగి తొడ చరుచుకుని నవ్వాడు. "పాపం, మా బావ. ఆవిడతో ఎన్ని గోడలెనక నిలబడ్డాడో. ఏం బావా?"

"ఊఁ," అన్నాడు మేస్త్రి. అద్దంలో ముఖం నవ్వింది. అలవాటైన నవ్వు, దానికి పేగులతో పనిలేదు, పెదాల్తోనే అయిపోతుంది.

ఆస్పత్రిలో చివరి రోజుల్లో ఆవిడ మంచం మీంచి కదల్లేని స్థితిలో ఒక మధ్యాహ్నం అతని వేలు పట్టుకుంది. ఏమండీ, ఈసారి నిజంగా నాకే వచ్చింది, ఇన్నేళ్ళు మీకోసం నేనరిచాను, ఒక్కసారి నాకోసం మీరరవండి, నర్సుని పిలవండి. అతను వసారాలోకి వచ్చి నిలబడ్డాడు. జనం. తెల్లబట్టల నర్సు ట్రే పట్టుకుని వెళ్ళిపోతోంది. నోరు తెరిచాడు. ఎలా అనాలి? మా ఆవిడకి అనాలా, అర్జెంటు అనాలా, ఆ మాట ఎప్పుడైనా అంటేగా. నర్సు మలుపు తిరిగిపోయింది. మళ్ళీ వస్తుందిలే అని నిలబడ్డాడు. గదిలోకి వెళ్ళేసరికి ఆవిడ గోడవైపు తిరిగి ఉంది, దుప్పటి మెడదాకా లాక్కుని. ఏదైనా అంటే బాగుండేది.

మూడోది మెలిక కాదు, కెరటం. పైనుంచి మొదలై కిందిదాకా వచ్చి, తలుపు దగ్గర ఆగి, తలుపు తట్టి, మళ్ళీ వెనక్కి పోయింది. మళ్ళీ వస్తుంది, ఈసారి తట్టదు. పీట అంచు తొడల్లోకి గుచ్చుకునేట్టు ముందుకి జరిగాడు. ఊపిరి సగమే తీస్తున్నాడు. చెమట కనుబొమల మీంచి కంట్లో పడింది, తుడుచుకోవడానికి చెయ్యి లేదు, రెప్పలార్పి అద్దంలోకి చూసేసరికి అతని భుజం మీంచి, అద్దంలో, ఇంకో రెండు కళ్ళు అతన్నే చూస్తున్నాయి.

వెనక పనిముట్ల పెట్టె మీద కూచున్నవాడు కుళాయి. అంచులు నూరే మనిషి, మేస్త్రి ఈడువాడే. పోయిన వానాకాలందాకా అతన్ని అలా ఎవరూ పిలవలేదు. ఆ రోజూ ఇంతే పెద్ద పలక, ఇదే రోడ్డు, వాన. మేస్త్రీ, ఒక్క నిమిషం ఆపించు, నాకొస్తోంది, వయసు మీదపడింది, ఆగట్లేదు అన్నాడు వెనకనించి. మేస్త్రి తల తిప్పకుండా అన్నాడు, బిగబట్టు. కాసేపటికి మళ్ళీ అడిగాడు, బతిమాలాడు. బిగబట్టమన్నానా. అద్దంకన్నా నీదెక్కువా? ఆ మాట మేస్త్రి పుట్టించింది కాదు, చిన్నప్పుడు లెక్కల టీచరు బెత్తం బల్లకేసి కొట్టి ఇచ్చింది, బిగబట్టు, కూచో, అప్పట్నించీ జేబులో పదిలంగా ఉంది, ఎవరికిద్దామా అన్నట్టు. ఇచ్చేశాడు. ఆ తర్వాత ఈ అద్దం లాంటి అద్దంలోనే చూశాడు, వెనక ఆ మనిషి ప్యాంటు మీద నల్లగా పాకిన తడి, కాళ్ళ మధ్య కొయ్యపలక మీద సన్నని పాయ. బామ్మర్ది, కుళాయి విప్పాడ్రోయ్ అన్నాడు. అందరూ నవ్వారు. మేస్త్రి అందరికన్నా కాస్త ఎక్కువసేపు నవ్వాడు. ఎందుకో ఎవరికీ తెలీదు, అతనికి తెలుసు, వాన వెలిసినంత హాయిగా ఉంది ఆ క్షణం, లోకంలో తను కాక ఇంకొకడు.

ఇప్పుడు ఆ కుళాయి అద్దంలోంచి చూస్తున్నాడు. మేస్త్రి నుదుటినీ, దవడనీ, చేతుల చుట్టూ ఆవిరినీ, ఒక్కొక్కటే, అంచు నూరే ముందు వేలితో తడిమినట్టు. తెలిసిపోయింది. పడినవాడికి తెలియకుండా ఉంటుందా? కుళాయి వంగి నీళ్ళసీసా తీశాడు. మూత తిప్పాడు. గుటక గుటకకీ గొంతు చప్పుడవుతోంది. చూపు మాత్రం అద్దం మీంచి తీయలేదు. కావాలనే, అనుకున్నాడు మేస్త్రి. నా చెవిలో నీళ్ళ చప్పుడు పోస్తున్నాడు. ఒక వానాకాలమంతా దాచుకున్నాడు, ఇప్పుడు గుక్కగుక్కగా తాగుతున్నాడు. తాగు. నీ వంతు వచ్చింది, నేనైనా అంతే చేస్తాను.

"తమ్ముడూ, బండాపు." కుళాయి గొంతు. సీసా ఇంకా చేతిలోనే ఉంది. "నాకొస్తోంది."

వడ్రంగి పకపకా నవ్వాడు. "మళ్ళీ విప్పావా!"

"నన్నడుగుతావేంటి," అన్నాడు బామ్మర్ది, "పీట మీద పెద్దాయనున్నాడుగా. బావా, ఏం చెయ్యమంటావ్? అదుగో ముందు పెట్రోలు బంకుంది. మెల్లిగా పక్కకి తీసి ఆపుతాను, అద్దానికేం కాదు. నీ ఇష్టం."

కంటికొసన, బామ్మర్ది ముందున్న బండి అద్దంలోంచి, బంకు కనిపించింది. పంపుల వెనక చిన్న గది. నీలంరంగు రేకు తలుపు. సగం తెరిచే ఉంది. ఆపు అంటే చాలు, రెండక్షరాలు. వాడి కోసం ఆపినట్టే ఉంటుంది, దిగొచ్చు, నేనూ వస్తానని అనొచ్చు, తోడుగా, నీళ్ళసీసా పట్టుకుని, ఎంత మంచి మేస్త్రి అంటారు. ఆ మాటలు, నాకొస్తోంది, అవే మాటలు, ఆవిడవి, అంత తేలిగ్గా ఎలా వచ్చాయి ఇతని నోట్లోకి? కెరటం లేస్తోంది. అద్దంలో చూశాడు. కుళాయి కాళ్ళు బార్లా చాపుకుని ఉన్నాడు. ముఖంలో తొందర లేదు. వస్తున్నవాడు నీళ్ళు తాగుతాడా? ఉచ్చు. ఆపు అనగానే పెట్టె మీంచి కదలడు, నాకు కాదురా, మేస్త్రికి అంటాడు, వడ్రంగి తొడ చరుచుకుంటాడు, కొత్త పేరు ఒకటి పుడుతుంది, బతికినన్నాళ్ళూ ఉంటుంది. నీలం తలుపు దగ్గరికొచ్చింది. నోరు తెరిచాడు. ఇన్నేళ్ళుగా జేబులో ఉన్న మాటే చేతికి తగిలింది.

"బిగబట్టు."

"విన్నావుగా," అన్నాడు బామ్మర్ది, గేరు మార్చి. నీలం తలుపు పక్కనించి వెళ్ళిపోయింది. కుళాయి కళ్ళు దించుకున్నాడు. సీసా మూత బిగించి, పెట్టె పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చేతులేసుకుని కూచున్నాడు.

కెరటం తలుపు తట్టలేదు. ముందు కొంచెం, అంతేనేమో అనుకునేంత కొంచెం. ఆ తర్వాత, ఎవరో చెయ్యి పట్టుకుని కూలదోసినట్టు, మొత్తం. వెచ్చగా, దాదాపు దయగా. అరచేతులు అద్దం మీంచి కదల్లేదు. ముఖం చూసుకున్నాడు. ఎంత నున్నగా ఉంది! దవడ సాఫీగా, కళ్ళు రెండూ ఒకే ఎత్తులో, నుదుటి మీద ఒక్క గీత లేదు. పలక ఎక్కడా వంగట్లేదు. కిటికీలు వేసి ఉన్నాయి. వడ్రంగి ముక్కు ఎగబీల్చి, ఎక్కడో ఏదో చచ్చిందిరా రోడ్డు పక్కన అన్నాడు, కిటికీ దించాడు. అవునవును అన్నాడు బామ్మర్ది. మిగిలిన దారంతా మేస్త్రి తడిలో కూచుని తన ముఖాన్ని తను కాపలా కాశాడు.

నాట్యం నేర్పే పంతులమ్మ గుమ్మంలో ఎదురుచూస్తోంది. దించారు, మోశారు, గోడకి ఆనించారు, ఎత్తు అంది మేస్త్రి గొంతు, నిలుపు అంది, వదులు అంది, చేతులు పని చేసుకుపోయాయి, వాటికి ముక్కు లేదు. మూలలు బిగించేదాకా అతను పలకకి అతుక్కునే నిలబడ్డాడు. "అబ్బ, ఎంత పదిలంగా తెచ్చారండీ, చిన్న గీత కూడా లేదు," అంటూ పంతులమ్మ దగ్గరికొచ్చి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఏమీ అనకుండా వెనక్కి తగ్గి, కిటికీ తెరవడానికన్నట్టు వెళ్ళిపోయింది. అప్పుడు మేస్త్రి అద్దంలో చూశాడు. గోడంత అద్దం. తన వెనక మూడు ముఖాలు వరసగా. చూపులన్నీ అతని నడుం కిందికి. వడ్రంగి ముఖంలో నవ్వు మొదలై, దారి మధ్యలో తనంతట తనే ఆగిపోయింది. కుళాయి పక్కకి చూస్తున్నాడు.

"పోన్లే బావా," అన్నాడు బామ్మర్ది, తేలిక చెయ్యబోయి, "అక్క పోయినా అక్క రోగం ఇంట్లోంచి పోలేదన్నమాట."

ఆ నవ్వు పెదాల మీదికి రాబోయింది, అలవాటుగా. రాలేదు. "అక్కది కాదురా," అన్నాడు మేస్త్రి, అద్దంలో వాడి ముఖంతో. "ఎప్పుడూ కాదు. నాది. బస్సులో, పెళ్ళిబండిలో, అన్నిట్లో. మీ అక్క నాకోసం చెప్పేది."

వాడికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అక్క ముఖంలాంటి ముఖమే వాడిది, అదే చుబుకం. కోపం వస్తుందనుకున్నాడు మేస్త్రి, కొడతాడేమో అనుకున్నాడు, కొడితే బాగుండుననుకున్నాడు. కానీ వాడు మెల్లిగా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"మరి మేమంతా ఎర్రజెండా, ఎర్రజెండా అంటుంటే, పక్కన కూచుని నువ్వూ నవ్వేవాడివి కదా బావా?"

వాడు తాళ్ళు చుట్టుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా, "పైసారి పీట మీద నువ్వు కూచో," అన్నాడు కుళాయితో. కుళాయి వంగి నిచ్చెన ఎత్తుకున్నాడు.

ఆ రాత్రికి బడి వెనక గదులు ఇచ్చారు. మేస్త్రికి ఒక్కడికే ఒక గది, స్నానాలగది పక్కది, పంతులమ్మ ఏర్పాటు. ఒళ్ళంతా తోముకుని, తువ్వాలు చుట్టుకుని, గోడవైపు తిరిగి, దుప్పటి మెడదాకా లాక్కుని పడుకున్నాడు. కడుపులో ఏమీ లేదు, ఎంత తేలిక, ఎంత శాంతం, ఇప్పుడు లోకం చివరిదాకా హాయిగా ప్రయాణం చెయ్యొచ్చు, రైలు కిటికీ పక్కన కూచుని నవ్వొచ్చు. పక్కగదిలో మాటల్లేవు. మామూలుగా పని అయిన రోజు నవ్వులుండేవి, పేకముక్కల చప్పుడుండేది. ఏదో ఒక పేరు పెట్టి నవ్వుకోవచ్చుగా, అనుకున్నాడు. నవ్వట్లేదు. నవ్వరు ఇక.

బండి దిగాక కుళాయి ఎటు వెళ్ళాడు? ఆ ఆలోచన ఎక్కణ్ణించి వచ్చిందో తెలీదు. దిగగానే తాడు కొస పట్టుకున్నాడు. పలక మోశాడు. మూలలు బిగించేటప్పుడు నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత పంతులమ్మ ఇచ్చిన టీ, గుమ్మంలో నిలబడి, మెల్లిగా, చివరిదాకా. మరుగుదొడ్డి ఎక్కడని అడగలేదు. ఎటూ వెళ్ళలేదు. అసలు వెళ్ళనే లేదు. నీళ్ళసీసా, ఆ గుటకలు, చూపు తీయకపోవడం. ఆపించడానికి రావాలి కదా, రావడానికి తాగాలి కదా, ఎంత తాగినా అంతలో రాలేదు, అయినా అన్నాడు. అందరూ నవ్వుతారని తెలిసే. వాళ్ళు పెట్టిన ఆ పేరు మీద నిలబడే. నాకొస్తోంది. ఈ లోకంలో అతని కోసం ఆ మాట అన్నవాళ్ళు ఇద్దరు. ఇద్దరికీ అతనిచ్చింది ఒకటే, బిగబట్టు.

తలుపు కదిలింది. అడుగుల్నిబట్టి కుళాయి అని తెలిసింది. కళ్ళు మూసుకున్నాడు. కిటికీ ఊచకి ఏదో తడిబట్ట వేస్తున్న చప్పుడు, స్నానాలగదిలో తను వదిలేసిన ప్యాంటు, ఉతికి పిండాక, బరువుగా వేలాడే చప్పుడు, ఒక్క చుక్క నేల మీద పడింది. కుర్చీ మీద మడతబట్ట ఏదో పెట్టాడు. గుమ్మంలో నిలబడి ఉన్నాడు, ఊపిరి వినిపిస్తోంది, ఒక మాటకి సరిపడా నిలబడ్డాడు. నీకు రాలేదు కదా అని తను అడగాలి. మూడు మాటలు. గొంతులోకి వచ్చాయి, తలుపుదాకా వచ్చాయి. మేస్త్రి ఊపిరి బిగబట్టి, నిద్రపోతున్నవాడిలా పడుకున్నాడు.

కుళాయి ఇంకొక్క క్షణం చూసి, దీపం తీసి, పలకని నేలకి ఆనించేటప్పుడు పట్టినంత జాగ్రత్తగా గడియ చప్పుడు కాకుండా రెండు చేతులా పట్టి, తలుపు మెల్లిగా మూశాడు.